బాక్టీరియాలలో లైపోప్రోటీన్‌లు: నిర్మాణం, విధులు

లైపోప్రోటీన్ అనగానే మీకు రక్తపరీక్ష నివేదికలోని ఎల్.డి.ఎల్., హెచ్.డి.ఎల్. గుర్తుకు రావచ్చు. బాక్టీరియా లైపోప్రోటీన్ గురించి అడిగిన ప్రశ్నకు కొలెస్టిరాల్ గురించి రెండేసి పేజీలు రాసిన జవాబు పత్రాలను నేను చాలానే దిద్దాను. మీరు ఆ పొరపాటు చేయకండి. రక్తంలోనివి కొవ్వులను మోసుకుపోయే రేణువులు. బాక్టీరియాలలో మాత్రం ప్రోటీన్ అణువుకే కొవ్వు ఆమ్లాలు సమయోజనీయ బంధంతో అతుక్కొని ఉంటాయి. ఈ కొవ్వు భాగం త్వచంలోకి దిగి, ప్రోటీన్‌ను లంగరులా అక్కడ నిలిపి ఉంచుతుంది.

ఎశ్చరీషియా కోలైని ఉదాహరణగా తీసుకుందాం. లైపోప్రోటీన్ మొదట ఒక సంకేత పెప్టైడ్‌తో తయారై ప్లాస్మాత్వచాన్ని చేరుతుంది. సంకేత పెప్టైడ్ ముగిసేచోట, సిస్టీన్‌తో అంతమయ్యే నాలుగు అమైనో ఆమ్లాల వరుసను లైపోబాక్స్ అంటారు. ఎల్‌జీటీ అనే ఎంజైమ్ ఆ సిస్టీన్‌లోని గంధకానికి డైఎసైల్‌గ్లిసరాల్‌ను కలుపుతుంది. తరువాత ఎల్ఎస్‌పీఏ సంకేత పెప్టైడ్‌ను తెంచివేయగా సిస్టీన్ మొదటి అమైనో ఆమ్లంగా మిగులుతుంది. చివరగా ఎల్ఎన్‌టీ దాని అమైనో సమూహానికి మూడవ కొవ్వు ఆమ్లాన్ని చేరుస్తుంది. ఈ మూడు దశల క్రమాన్ని బాగా గుర్తుంచుకోండి.

ఇలా తయారైన వాటిలో అధికభాగాన్ని లాల్ వ్యవస్థ బాహ్యత్వచానికి చేరవేస్తుంది. సిస్టీన్ పక్కన, అంటే రెండవ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం ఉన్నవి సాధారణంగా ప్లాస్మాత్వచంలోనే ఉండిపోతాయి. ఒక్క అమైనో ఆమ్లమే ప్రోటీన్ చిరునామాను నిర్ణయించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

వీటిలో మొదట కనుగొన్నది బ్రౌన్ లైపోప్రోటీన్. 1969లో ఫోల్కమార్ బ్రౌన్, రేన్ దీనిని వర్ణించారు. ఇందులో 58 అమైనో ఆమ్లాలే ఉంటాయి. కాని ఎశ్చరీషియా కోలైలో సంఖ్యాపరంగా అత్యధికంగా ఉండే ప్రోటీన్ ఇదే. మూడేసి అణువులు పురిపెట్టిన తాడులా కలిసి ఉంటాయి. కొవ్వు ఉన్న కొన బాహ్యత్వచంలో ఉంటుంది. రెండవ కొనలోని లైసిన్ పెప్టిడోగ్లైకాన్‌తో బంధం ఏర్పరచుకుంటుంది. సుమారు మూడో వంతు అణువులే ఇలా బంధితమై ఉంటాయి. అయినా బాహ్యత్వచం కణకవచాన్ని అంటిపెట్టుకొని ఉండటానికి ముఖ్య ఆధారం ఇదే. ఈ ప్రోటీన్ లేని కణాలు బతుకుతాయి గాని, వాటి బాహ్యత్వచం బుడగలుగా ఉబ్బి విడిపోతుంది, పెరిప్లాజమ్‌లోని ఎంజైమ్‌లు బయటికి కారిపోతాయి. దీనికి 21 అమైనో ఆమ్లాలు చేర్చి పొడవు పెంచినప్పుడు పెరిప్లాజమ్ కూడా వెడల్పయింది. అంటే రెండు పొరల మధ్య దూరాన్ని కూడా ఇదే నిర్ణయిస్తుందన్నమాట.

ఇతర లైపోప్రోటీన్‌ల విధులు వేరు. బామ్‌డీ బాహ్యత్వచ ప్రోటీన్‌లను అమర్చడంలోను, ఎల్‌పీటీఈ లైపోపాలీసాకరైడ్‌ను చేర్చడంలోను తోడ్పడతాయి. బాహ్యత్వచం లేని గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాలలో ఇవి ప్లాస్మాత్వచం వెలుపలి తలాన నిలిచి, పోషకాలను పట్టి రవాణా ప్రోటీన్‌లకు అందిస్తాయి.

మన శరీరం ఈ కొవ్వు తోకను శత్రువు గుర్తుగా పసిగడుతుంది. తెల్ల రక్తకణాలపై ఉండే టీఎల్‌ఆర్-2 గ్రాహకం దీనిని గుర్తించి వాపు ప్రతిచర్యను మొదలుపెడుతుంది. మెనింజైటిస్ కారకమైన మెనింగోకాకస్-బి ఉపరితల లైపోప్రోటీన్‌తో తయారైన టీకాకు అమెరికాలో 2014లో అనుమతి లభించింది. గ్లోబోమైసిన్ అనే సూక్ష్మజీవనాశకం ఎల్ఎస్‌పీఏను అడ్డుకుంటుంది. ఈ ఎంజైమ్ మానవ కణాలలో లేదు. కాబట్టి కొత్త మందుల అన్వేషణలో దీనికి ప్రాధాన్యం ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఉత్పరివర్తన వల్ల లైపోబాక్స్‌లోని సిస్టీన్ స్థానంలో గ్లైసీన్ చేరితే, పైన చెప్పిన దశలలో ఏది మొదట ఆగిపోతుంది? ఎందుకు?