హెడ్‌ఫోన్ షోకి వెళ్తున్నారా? గట్టిగా మోగేదే మంచిది అనుకోవద్దు!

తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి ఊళ్లలో ఖరీదైన హెడ్‌ఫోన్లను విని చూసి కొనే అవకాశం తక్కువ. ఆన్‌లైన్ రివ్యూలే దిక్కు. అందుకే సింగపూర్‌లో జరిగే క్యాన్‌జామ్ లాంటి షోలంటే హెడ్‌ఫోన్ ప్రియులకు అంత క్రేజ్. ఎన్నో మోడళ్లు ఒకేచోట వినొచ్చు. ఫ్రెండ్స్‌తో వెళ్తే ఒకరివి ఒకరు మార్చుకుని పోల్చుకోవచ్చు. అయితే చాలామంది పొరబడేది ఇక్కడే.

కారణం ఏంటి?

సౌండ్ తక్కువగా ఉంటే మన చెవికి బేస్ సరిగా వినపడదు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే రెండు హెడ్‌ఫోన్లలో కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇంపెడెన్స్ 300 ఓమ్‌లు. ఫోన్‌కి తగిలిస్తే సౌండ్ తగ్గొచ్చు. అంతమాత్రాన అది నాసిరకం కాదు.

ఎలా వినాలి?

ముందు రెండింటి వాల్యూమ్ సమానం చేయాలి. స్టాల్ వాళ్ల డెమో ట్రాక్ కాకుండా, మీకు బాగా తెలిసిన పాట పెట్టాలి. రేపల్లె ప్రాంతంలోని పల్లపట్లలో పుట్టిన ఎస్.జానకి పాట ఒక్కటి చాలు. ఆమె ఊపిరి తీసుకునే చోటు, వెనక వాయిద్యాలు విడివిడిగా వినపడుతున్నాయా గమనించాలి.

చెవులు జాగ్రత్త

హాల్ రొదలో తెలియకుండానే వాల్యూమ్ పెంచేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల వరకు వినొచ్చు. అదే 90 అయితే 4 గంటలే! చెవిలో గుయ్‌మంటే వెంటనే ఆపి, కాసేపు బయటికి వచ్చేయండి.