జాగా లేనిదే ఇల్లెక్కడ కట్టేది?

2011 జనగణనలో ఏ గూడూ లేనివాళ్లు దేశంలో 17 లక్షల పైచిలుకు. అంతా పట్నం ఫుట్‌పాత్‌ల మీదే ఉన్నారనుకుంటే పొరపాటు. 8 లక్షలకు పైగా పల్లెల్లోనే ఉన్నారు. గుడిసెల్లో ఉండేవాళ్లు ఈ లెక్కలోకి రానేరారు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతపు పల్లెల్లో ఇంటికిచ్చేది లక్షా 20 వేలు. 2016లో కట్టిన ధర అది. 2024లో మరో 2 కోట్ల ఇళ్లన్నారు, ఇంటి సొమ్ము మాత్రం పైసా పెంచలేదు. ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలి 2016లోనే ఆగిపోయాయా? పైగా డబ్బు విడతలుగా వస్తుంది. పని చూపిస్తేనే తర్వాతి విడత. నడుమ అప్పుకి మళ్లీ ఆసామి గడపే గతి.

మా జట్టులో నాట్లేసే అక్క పేరు జాబితాలో వచ్చింది. గుడిసె చెరువు గట్టు మీద. "పట్టా తెచ్చుకో" అన్నారు ఆఫీసులో.

"పట్టా ఉంటే గట్టు మీద ఎందుకుంటానయ్యా?" అంది.

వాళ్లు నోరు మెదపలేదు. జవాబు పథకం రూల్సులోనే ఉంది: జాగా లేనివాళ్లకి స్థలం చూపే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే.

కనుక కూలి సోదరులారా, అక్కచెల్లెళ్లారా! ఊరూరా జాగా లేనివాళ్ల జాబితా మనమే రాద్దాం. గ్రామసభలో చదువుదాం. తీర్మానంలో ఎక్కించేదాకా లేవొద్దు. ముందు స్థలం, తర్వాతే పునాది.