మాండవ్యుడు అడిగిన ప్రశ్న

భారతము ఆదిపర్వమునందలి మాండవ్యుని కథ విద్యార్థులకు క్రొత్త కాదు. మౌనవ్రతమునందున్న ఆ మునిని దొంగల తోడివాడని భ్రమించి రాజు కొఱత వేయించెను. ఏ పాపమునకీ ఫలమని ముని పిదప యముని నిలదీసెను. బాల్యమున తూనీగలను పుల్లతో గ్రుచ్చినందుకని యముడు బదులు చెప్పెను. ముని కోపించి యముని మానవుడై పుట్టుమని శపించెను. విదురుడు అట్లు పుట్టినవాడే. పదునాలుగేండ్ల వఱకు చేసిన పనికి పాపము లేదనియు కట్టడి చేసెను.

1860 నాటి శిక్షాస్మృతి కట్టడి వేఱు. ఏడేండ్లలోపు శిశువు చేసినదేదియు నేరము కాదు. ఏడు మొదలు పండ్రెండు వఱకు, తన పని స్వభావమును, పర్యవసానమును గ్రహించు పరిపక్వత లేనిచో నేరము కాదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు దీనినే నిలుపుకొన్నది. వయస్సుతో తృప్తిపడక తెలివిని గూడ అడుగుట మెచ్చదగినదే.

అయితే ఆ తెలివిని కొలుచుటెట్లు? పదునారేండ్లు నిండిన బాలునిపై ఘోరనేరము మోపబడినపుడు, 2015 నాటి చట్టము ప్రకారము బాలన్యాయమండలి, అనగా ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు, వాని శక్తిని, గ్రహణమును, నాటి పరిస్థితులను పరిశీలించును. తగునని తోచినచో అతడు పెద్దవానివలె విచారణకు పంపబడును. మరణశిక్ష మాత్రము లేదు. మండలి యెదుట నిలుచునది నేటి బెదరిన బాలుడు. తెలియవలసినది నేరము జరిగిననాటి వాని మనస్సు. ఒక్క పరీక్షతో పిల్లవాని నిర్ణయింపరాదని ఉపాధ్యాయులకు వేఱుగ చెప్పనేల! మండలిలో బాలల మనస్తత్త్వ నిపుణులు లేనిచో అట్టివారి సాయము తప్పక పొందవలెనని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.