ఎండలోంచి ఒక గీత

భూతద్దం పట్టి ఎండలో కాగితం కాల్చని బాల్యం అరుదు. పొగ లేవకముందు ఆ వెలుగు చుక్కను పరకాయించి చూస్తే అది చుక్క కాదని తెలుస్తుంది. గుండ్రటి సూర్యబింబం! పాక్షిక గ్రహణం నాడైతే కొడవలిలా వంగి ఉంటుంది. సూర్యుడు మనకు అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాడు గనక, మీటరు నాభ్యంతరం ఉన్న కటకాన్ని ఎంత బాగా సానబెట్టినా ఆ బింబం సుమారు 9 మిల్లీమీటర్ల కన్నా తగ్గదు. ఎండతో లేజరు వెలిగించేవాళ్ల పెనుగులాట అక్కడే మొదలవుతుంది.

ఘనస్థితి లేజరుకు గుండెకాయ కడ్డీలా మలచిన ఒక స్ఫటికం. యాగ్ (యిట్రియం అల్యూమినియం గార్నెట్) స్ఫటికంలో కాస్త నియోడైమియం చేరిస్తే లేత ఊదారంగు వస్తుంది. దాన్లోకి వెలుగు కుమ్మరిస్తే 1064 నానోమీటర్ల పరారుణ కిరణం బయటికొస్తుంది. మామూలుగా ఆ వెలుగును దీపాలో డయోడ్లో ఇస్తాయి. 1966లో అమెరికాలో సి.జి. యంగ్ ఆ పని ఎండకు అప్పగించి 1 వాట్ లేజరు తీశారు.

చిక్కంతా వేడితోనే. ఎండలో నియోడైమియానికి ఒంటబట్టేది ఆరేడు పాళ్లలో ఒక పాలే. మిగతాదాన్లో చాలా భాగం కడ్డీని, దాని పరిసరాలను కాచడానికే పోతుంది. చుట్టూ చన్నీళ్లు పారుతున్నా కడ్డీ నడిమి భాగం అంచుల కన్నా వేడెక్కి, కటకంలా మారి కిరణాన్ని చెదరగొడుతుంది. హద్దు మీరితే కడ్డీ పగిలిపోతుంది.

ఫ్రాన్స్‌లోని పిరెనీస్ కొండల్లో ఒడెయో అనే ఊరుంది. 1 మెగావాట్ సౌర కొలిమికి పేరుపడ్డ చోటు. లిస్బన్‌లోని నోవా విశ్వవిద్యాలయం నుంచి దావే లియాంగ్, జోవానా అల్మేడా బృందం తమ కడ్డీలు పట్టుకుని అక్కడికే వెళ్తుంది. వాళ్లు రెండు పనులు చేశారు. నీలం, అతినీలలోహిత కాంతిని పీల్చి నియోడైమియానికి అందించే సీరియాన్ని స్ఫటికంలో చేర్చారు. ఒక్క లావు కడ్డీ బదులు 2.5 మిల్లీమీటర్ల సన్నకడ్డీలు మూడు పెట్టి వేడిని పంచారు. 2022లో ఎండ పట్టిన ప్రతి చదరపు మీటరుకు 41.25 వాట్ల లేజరు వచ్చింది. పడిన ఎండలో 4.64 శాతం.

ఇది తక్కువనిపిస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. సౌరఫలకం ఎండలో అయిదో వంతును కరెంటు చేస్తుంది, డయోడు అందులో సగాన్ని వెలుగు చేస్తుంది, స్ఫటికం మళ్లీ దాన్లో సగం ఇస్తుంది. చివరికి మిగిలేది 5 శాతం. మధ్యలో ఇన్ని యంత్రాలు లేకుండానే ఎండ దాదాపు అక్కడికే చేరింది. నన్ను ఈ రంగం వైపు లాగింది ఆ అంకే.

జపాన్‌లో తకాషి యాబే ఇంకా దూరం చూశారు. మెగ్నీషియాన్ని ఇంధనంగా మండించి, మిగిలిన బూడిదను ఎండ లేజరుతో మళ్లీ మెగ్నీషియం చేయాలని ఆయన తపన. 2012లో ఆయన బృందం 4 చదరపు మీటర్ల ఫ్రెనెల్ కటకంతో 120 వాట్లు తీసింది. లోహాన్ని ఆక్సిజన్ నుంచి విడదీయడానికి కావలసిన వేడి ముందు అది చిన్న మొత్తమే.

ఇక ఇదే లేజరును అంతరిక్షానికి తీసుకెళ్తే? అక్కడ మబ్బు లేదు, చదరపు మీటరుకు 1361 వాట్ల ఎండ. అయితే కడ్డీ వేడిని మోసుకెళ్లిన నీళ్లను చల్లార్చడానికి గాలీ లేదు. ఆ వేడినంతా రేడియేటరు రెక్కలు పరిచి శూన్యంలోకి వెదజల్లాల్సిందే.