కాళ్ళతో పనిలేని విమానం

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా చిన్నాన్న ఒక ప్రశ్న వేశాడు. "ఏరా, ఫిజిక్సు చదువుతున్నావు గదా! కాళ్ళు లేనివాడు విమానం నడపగలడా?"

చిన్నతనంలో వచ్చిన పోలియో వల్ల ఆయన రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. ఊళ్ళో ఎవరి ట్రాక్టరు మొరాయించినా బాగుచేసేది ఆయనే. తోలే యోగం మాత్రం లేదు. క్లచ్చు తొక్కాలి గదా! ఆ రోజు నాకు జవాబు తోచలేదు. తరువాత చదివి తెలుసుకున్నది ఇది.

మామూలు చిన్న విమానంలో చేతికొక చక్రమో కర్రో, కాళ్ళకు రెండు పెడళ్ళూ ఉంటాయి. చక్రం తిప్పితే రెక్కల చివరనున్న ఐలరాన్లనే పలకలు ఒకటి పైకి, ఒకటి కిందికి కదిలి విమానం ఒరుగుతుంది. ఐతే పైకి లేచే రెక్కకు గాలి అడ్డు ఎక్కువ. కాబట్టి కుడికి ఒరిగితే ముక్కు ఎడమకు లాగుతుంది. దాన్ని సరిదిద్దటానికి పెడలు తొక్కి తోకనున్న చుక్కానిని తిప్పాలి. వేగం తగ్గి ముక్కు మరీ పైకెత్తినప్పుడు పెడలు తప్పుగా తొక్కితే విమానం గింగిరాలు తిరుగుతూ పడిపోతుంది.

అమెరికా ఇంజనీరు ఫ్రెడ్ వైక్ ఈ చిక్కును వేరే విధంగా విప్పాడు. 1937లో మొదటిసారి ఎగిరిన ఆయన 'ఎర్‌కూప్' విమానంలో ఐలరాన్లు, చుక్కాని, నేలమీద తిరిగే ముందు చక్రం, మూడూ చేతి చక్రానికే కలిసి ఉంటాయి. పొలంలో విడివిడిగా తొక్కే ట్రాక్టరు బ్రేకులు రెండింటినీ రోడ్డెక్కగానే కలిపి కొక్కెం వేస్తాం చూడండి, అలాగన్నమాట! ముక్కు మరీ పైకి లేవకుండా తోక పలకకు హద్దు పెట్టాడు. అందుకే అది గింగిరాలు తిరగదు.

అలాగని నేర్చుకోవలసింది ఏమీ లేదనుకోకండి. వేగం మరీ తగ్గిస్తే గబగబా కిందికి దిగిపోతుంది. పక్కగాలిలో ఏటవాలుగానే నేలను తాకాలి. చక్రాలు దానంతట దాన్ని తిన్నగా తిప్పుతాయి. అమెరికాలో ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 17 ఏళ్ళు నిండాలి; సాధారణంగా కనీసం 40 గంటలు ఎగరాలి; రాతపరీక్ష, ఎగిరే పరీక్ష నెగ్గాలి. విమానం వింతదైనంత మాత్రాన పరీక్ష తేలిక కాదు.

పుట్టుకతోనే చేతులు లేని జెస్సికా కాక్స్ అనే అమెరికన్ యువతి 2008లో ఎర్‌కూప్ మీదనే స్పోర్ట్ పైలట్ లైసెన్సు సంపాదించింది. ఇది ప్రైవేటు లైసెన్సుకన్నా చిన్నదే. కాని చుక్కాని పెడళ్ళు లేవు కాబట్టి ఆమె కాళ్ళు ఖాళీ. వాటినే చేతులుగా చేసుకుంది.

ఇదంతా ఫోనులో చెప్పాను. చిన్నాన్న కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఐతే ట్రాక్టరు క్లచ్చుకూడా చేతికి తెచ్చుకోవచ్చురా. ఆ కడ్డీ ఎంత పొడుగుండాలో లెక్కగట్టి పెట్టు" అన్నాడు.

మిత్రులారా! మూడేళ్ళుగా తుల్యదండం సూత్రాలు పరీక్షలకోసమే చదివాను. ఇప్పుడు మొదటిసారి ఒక మనిషికోసం లెక్క వేస్తున్నాను.