కేబుల్ ఇంటర్నెట్‌లో రొద ఎక్కడిది?



స్కాలర్‌షిప్ పేజీ చకచకా తెరుచుకుంటుంది. సర్టిఫికెట్ పంపబోతే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆఖరి తేదీన ఇలా జరిగితే మనలాంటి వాళ్లకు ఒక ఏడాది పోయినట్టే. టీవీ కేబుల్ మీద వచ్చే ఇంటర్నెట్‌లో దీనికి ఒక ముఖ్య కారణం రొద. ఇంట్లో మొదట డిగ్రీ చదివిన మనమే ఈ సంగతి తెలుసుకుని మనవాళ్లకు చెప్పాలి.

వార్డెన్ గారు వరండాలో ఒక మాట చెబితే అన్ని గదులకూ వినిపిస్తుంది. గదుల్లోని చప్పుళ్లన్నీ కలిస్తే మాత్రం మనలో ఒకరు చెప్పేది ఆయనకు వినిపించదు. కేబుల్ కూడా అంతే. కేంద్రం నుంచి సిగ్నల్ ఇంటింటికీ చీలుతుంది. తిరుగు దారిలో అన్ని ఇళ్ల తీగలూ ఒక్కటవుతాయి. మోడెమ్‌లు వంతులవారీగా మాట్లాడతాయి, రొదకు వంతు తెలియదు. ఒక ఇంటి రొద వీధి మొత్తానికీ అడ్డం పడుతుంది.

ఈ తిరుగు దారి సాధారణంగా 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకు, కొన్నిచోట్ల 65 వరకు ఉంటుంది. షార్ట్‌వేవ్ రేడియో, మోటార్లు, మిక్సీల రొద కూడా ఈ మేరలోనే ఎక్కువ. వదులైన కనెక్టరు, తుప్పు పట్టిన జాయింటు దొరికితే చాలు, లోపలికి దూరుతుంది.

దీన్ని ఆపేది హైపాస్ ఫిల్టర్. వేలెడంత గొట్టంలో కెపాసిటర్లు, కాయిల్స్ ఉంటాయి. కెపాసిటర్ ఎక్కువ ఫ్రీక్వెన్సీలను ముందుకు పోనిస్తుంది, కాయిల్ తక్కువ వాటిని గ్రౌండుకు దించేస్తుంది. టీవీ మాత్రమే ఉన్న ఇంటికి దీన్ని బిగిస్తే పైనున్న చానెళ్లు వస్తాయి, ఆ ఇంటి రొద బయటకు పోదు. మోడెమ్ ఉన్న ఇంట్లో ఇలా బిగించకూడదు, మోడెమ్ మాట కూడా ఆగిపోతుంది. అక్కడ కనెక్టర్లు గట్టిగా బిగించి, వాడని కొనలకు 75 ఓమ్‌ల టర్మినేటర్ పెట్టాలి.

రొద దూరిన కంతలోంచే సిగ్నల్ బయటకూ కారుతుంది. పైలట్లు మాట్లాడే 118-137 మెగాహెర్ట్జ్ కేబుల్ చానెళ్ల మేరలోనిదే. విమానాశ్రయం ఉన్న మన రేణిగుంటలో ఇది గుర్తుంచుకోదగ్గ విషయం.

2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. ఫైబర్‌లో నడిచేది వెలుతురు కాబట్టి మిక్సీ రొద దానికి అంటదు. రాగి కేబుల్ ఉన్నచోట మాత్రం తీగలు మెలిపెట్టి టేపు చుట్టే అలవాటు మానాలి. కేబుల్ పనిలో ఉన్న మన పాత విద్యార్థులు ఈ పద్ధతులు తమ్ముళ్లకు నేర్పితే, అది వాళ్లకు చదువూ అవుతుంది, బతుకుతెరువూ అవుతుంది.