కొత్త చెక్కకు పాతదనం: కరక్కాయ, ఇనుము కలిస్తే జరిగే రసాయనం

ఉసిరికాయ ముక్కల్ని ఇనుప మూకుడులో ఉడికిస్తే నల్లబడతాయి. పాత టేకు తలుపును దగ్గరగా చూస్తే, ప్రతి ఇనుప మేకు చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం మీద బొమ్మ అంచులన్నీ చిక్కటి నలుపు గీతలే. వంటగదికి, తలుపుకు, వస్త్రానికి సంబంధం లేదనిపిస్తుంది. కానీ ఈ మూడు చోట్లా జరిగే రసాయన చర్య ఒక్కటే. మొక్కల్లో ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లని రంగుగా మారుతుంది. ఇదే చర్యను అదుపులో పెట్టి వాడుకుంటే, నిన్న చిత్రిక పట్టిన కొత్త చెక్క కూడా ఒక్క పూటలో ఏళ్ల తరబడి ఎండావానలకు నిలిచిన కలపలా కనిపిస్తుంది. అందుకు కావలసినవి వెనిగర్, ఇనుప పీచు, టీ పొడి. అంతే.

ఈ చర్యకు కావలసిన రెండు ముడిసరుకులూ పుష్కలంగా ఉన్న నేల బస్తర్. ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు దాటి ఛత్తీస్‌గఢ్‌లోకి అడుగుపెడితే కొంటా వస్తుంది. అక్కడి నుంచి సుక్మా వైపు సాగే జాతీయ రహదారి మీద ఉన్న ఊరు ఎర్రబోరు. తెలుగు, దోర్లా మాటలు కలగలిసి వినిపించే ప్రాంతమిది. దక్షిణ బస్తర్ అడవుల్లో టేకు, మద్ది, కరక చెట్లు పెరుగుతాయి. కేంద్రం 2013-14లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకాన్ని తెచ్చినప్పుడు ఆ జాబితాలో కరక్కాయ కూడా ఉంది. ఇక ఇనుము సంగతి చెప్పనక్కర్లేదు. బైలదిల్లా గనుల ఖనిజం విశాఖపట్నం దాకా రైలులో వెళ్తుంది. కలప చెక్కడానికీ, ఇనుప కళాకృతులకూ బస్తర్ ప్రసిద్ధి. ఈ రెండు కళలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. కలప, కరక్కాయ, ఇనుము ఒకే అడవి పక్కన దొరికే ఇలాంటి చోటు నుంచి చూస్తే ఈ రసాయనం సులువుగా అర్థమవుతుంది.

చెక్క ముసలిదవడం అంటే ఏమిటి?

కలపలో ప్రధానంగా మూడు పదార్థాలుంటాయి. బరువులో 40 నుంచి 50 శాతం సెల్యులోజ్. ఇది పొడవాటి తెల్లని పీచు. దానికి తోడుగా హెమిసెల్యులోజ్. ఈ రెండింటినీ పట్టి ఉంచే జిగురు లాంటిది లిగ్నిన్. లిగ్నిన్ వాటా 20 నుంచి 30 శాతం ఉంటుంది. ఇవి కాక టానిన్లు, నూనెలు, రంగు పదార్థాలు కొద్దిగా ఉంటాయి.

ఎండలోని అతినీలలోహిత కిరణాలను లిగ్నిన్ బాగా పీల్చుకుంటుంది. ఆ శక్తితో దాని అణువులు విరిగి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పసుపు, గోధుమ రంగు పదార్థాలు ఏర్పడతాయి. ఇంటి లోపల ఉన్న చెక్క క్రమంగా పసుపు, ముదురు గోధుమ రంగులోకి మారడానికి కారణం ఇదే. ఆరుబయట ఉన్న చెక్కకు వాన కూడా తోడవుతుంది. విరిగిన లిగ్నిన్ ముక్కలను నీరు కడిగేస్తుంది. పైన తెల్లని సెల్యులోజ్ పీచు మిగులుతుంది. దాని మీద సన్నని బూజు చేరి బూడిద రంగు వస్తుంది. పల్లెల్లో పాత బండి చక్రం, పశువుల పాక వాసాలు బూడిద రంగులో కనిపించేది అందుకే.

ఇదంతా చాలా పలుచని పొరలో జరుగుతుంది. అతినీలలోహిత కిరణాలు కలపలోకి మిల్లీమీటరులో పదో వంతు కూడా దిగలేవు. మెత్తటి జాతి కలప ఎండావానలకు అరిగేది నూరేళ్లకు సుమారు 6 మిల్లీమీటర్లే. కాబట్టి పాత చెక్క మీద ఒక్కసారి చిత్రిక పడితే కింద మళ్లీ కొత్త రంగు బయటపడుతుంది. కంటికి కనిపించే 'వయసు' అంతా ఆ పలుచని పొరలోనే ఉంది. ఇంట్లో దొరికే రసాయనాలు పనిచేసేది కూడా ఆ పొర మీదే.

వెనిగర్‌లో ఇనుము

వెనిగర్ అంటే నీళ్లలో కలిసిన ఎసిటిక్ ఆమ్లం. దుకాణాల్లో దొరికే దానిలో ఆమ్లం సాధారణంగా 4 శాతం పైన ఉంటుంది. ఇనుప పీచును ఇందులో నానబెడితే ఇనుము మెల్లగా కరిగి ఫెర్రస్ ఎసిటేట్ అనే లవణంగా మారుతుంది. హైడ్రోజన్ వాయువు చిన్న చిన్న బుడగలుగా బయటికి పోతుంది.

లెక్క వేస్తే ఇది ఎంత? అర లీటరు వెనిగర్‌లో సుమారు 20 గ్రాముల ఆమ్లం ఉంటుంది. అది పూర్తిగా ఖర్చయితే 9 గ్రాముల పైచిలుకు ఇనుము కరుగుతుంది. ఆ క్రమంలో దాదాపు 4 లీటర్ల హైడ్రోజన్ విడుదలవుతుంది. సీసా మూత బిగించకూడదని చెప్పేది ఇందుకే. అర లీటరు ద్రవం నుంచి నాలుగు లీటర్ల వాయువు వస్తుంటే, బిగించిన సీసా పగలక తప్పదు. పైగా హైడ్రోజన్ మండే వాయువు.

ఈ ద్రావణాన్ని చెక్కకు పూయగానే పెద్ద మార్పేమీ కనిపించదు. కొన్ని నిమిషాల్లో మాత్రం బూడిద, ఆ తర్వాత నలుపు మెల్లగా పైకి తేలుతాయి. ఈ ఆలస్యానికి కారణం ఉంది. ద్రావణంలోని ఫెర్రస్ ఇనుము టానిన్‌తో కలిసినప్పుడు రంగు దాదాపు ఉండదు. గాలిలోని ఆక్సిజన్ తగిలి, ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి ఫెర్రిక్‌గా మారాలి. అప్పుడు ఏర్పడే ఫెర్రిక్ టానేట్‌లో ఎలక్ట్రాన్లు టానిన్ నుంచి ఇనుము వైపు సులువుగా దూకుతాయి. ఆ దూకుడుకు కావలసిన శక్తిని కంటికి కనిపించే కాంతి నుంచే తీసుకుంటాయి. పడిన కాంతిలో ఎక్కువ భాగం అక్కడే ఖర్చయిపోతుంది కనుక మన కంటికి నలుపు కనిపిస్తుంది.

ఈ కిటుకు తెలుగువారికి కొత్త కాదు. కలంకారీ కళాకారులు వస్త్రాన్ని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. పులిసేకొద్దీ బెల్లం ఆమ్లంగా మారి ఇనుమును కరిగిస్తుంది. ఆ ద్రవంలో ముంచిన కలం వస్త్రాన్ని తాకగానే కరక్కాయ టానిన్‌తో కలిసి నల్లని గీత పడుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి చేసిన పాతకాలపు సిరాలో ఉన్నదీ ఇదే సూత్రం. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్.

చేసే పద్ధతి

ముందుగా సరైన ఇనుప పీచు చూసుకోవాలి. గిన్నెలు తోమే స్టీలు పీచు చాలావరకు తుప్పు పట్టని ఉక్కుతో చేసింది. దానిలోని క్రోమియం పొర వెనిగర్‌కు లొంగదు. సరైనదో కాదో తెలుసుకోవాలంటే పీచును తడిపి రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి తుప్పు పడితే అది పనికొస్తుంది. లేకపోతే పాత ఇనుప మేకులు వాడవచ్చు. పీచుకు ఉన్నంత ఉపరితలం మేకులకు ఉండదు కనుక రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది.

పీచు మీద నూనె ఉంటే సబ్బుతో కడిగేయాలి. అర లీటరు వెనిగర్‌లో సుమారు 10 గ్రాముల పీచు వేసి, గాజు సీసా మీద మూతకు బదులు గుడ్డ కట్టి, గాలి ఆడే చోట ఒక రోజు ఉంచాలి. తర్వాత పలుచని గుడ్డతో వడకట్టాలి.

చెక్కను శాండ్ పేపర్‌తో నునుపు చేసి, తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. తడికి లేచిన పీచును మళ్లీ ఒకసారి తేలిగ్గా రుద్దాలి. ఒక గ్లాసు నీళ్లలో మూడు నాలుగు చెంచాల టీ పొడి వేసి చిక్కగా మరిగించి, చల్లార్చి, చెక్కకు పూయాలి. టీ పొడికి బదులు రెండు చెంచాల కరక్కాయ పొడి వాడితే ఫలితం ఇంకా గట్టిగా ఉంటుంది. ఎండిన కరక్కాయలో మూడో వంతు దాకా టానిన్లే. ఆరాక ఇనుము ద్రావణాన్ని కుంచెతో సమానంగా పూసి ఒక గంట వేచి ఉండాలి. రంగు చాలకపోతే రెండో పూత వేయవచ్చు. ఎక్కువైతే వెనక్కి తేవడం కష్టం. అందుకే ద్రావణాన్ని నీళ్లతో పలుచన చేసి మొదలుపెట్టడం, అదే చెక్క తుంపు మీద ముందు ప్రయత్నించి చూడడం మంచిది.

ఏ చెక్కకు ఏ రంగు?

ఒకే ద్రావణం రెండు చెక్కల మీద రెండు రంగులిస్తుంది. మద్ది, తుమ్మ లాంటి వాటిలో టానిన్ సహజంగానే ఎక్కువ. టీ అవసరం లేకుండానే అవి నల్లబడతాయి. ప్యాకింగ్ పెట్టెలకు వాడే పైన్ చెక్కలో టానిన్ తక్కువ. టీ పూయకపోతే దాని మీద తుప్పు రంగు, లేత బూడిద రంగు మాత్రమే వస్తాయి. ఒకే పలకలో కూడా తేడా ఉంటుంది. చేవ ఉన్న భాగం ముదురుగా, బయటి తెల్ల భాగం లేతగా తేలుతుంది.

ఇంట్లోని మరో పదార్థం సున్నం. తాంబూలంలో కాచు, సున్నం కలిస్తే నోరు పండినట్టే, సున్నపు తేట తగిలిన చెక్కలోని టానిన్లు క్షార వాతావరణంలో ఆక్సిజన్‌తో తొందరగా కలిసి ఎరుపు కలిసిన గోధుమ రంగుకు మారతాయి. తినే సోడా ద్రావణం ఇదే పనిని మరింత నెమ్మదిగా చేస్తుంది. బావి నీళ్లలో వేసే పొటాషియం పర్మాంగనేట్ దారి వేరు. ఊదా రంగు ద్రావణం చెక్కను ఆక్సీకరించి, తాను గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్‌గా మిగిలిపోతుంది. దానికి టానిన్‌తో పని లేదు. ఇనుముతో వచ్చేది ఎండావానల బూడిద రంగు. సున్నం, పర్మాంగనేట్‌లతో వచ్చేది ఇంటి లోపల ముదిరిన చెక్క రంగు.

మరవకూడని జాగ్రత్తలు

వెనిగర్‌ను గానీ, దానితో చేసిన ద్రావణాన్ని గానీ బ్లీచింగ్ పౌడర్‌తోనో, బ్లీచ్ ద్రవంతోనో కలపకూడదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. బ్లీచ్‌ను అమ్మోనియాతో కలిపినా ప్రమాదమే. పర్మాంగనేట్‌ను గ్లిజరిన్ లాంటి వాటికి దూరంగా ఉంచాలి. రెండూ కలిస్తే దానంతటదే మంట లేస్తుంది. సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

ఎక్కువ మంది పట్టించుకోని ప్రమాదం ఇంకొకటుంది. రంగు ఆరాక మెరుపు కోసం అవిసె నూనె పూస్తారు. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతూ వేడిని విడుదల చేస్తుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక, కొన్ని గంటల్లో వాటంతటవే అంటుకోవచ్చు. వాటిని విడదీసి ఆరుబయట ఆరేయాలి. లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

ఇనుము పూత పూసిన చెక్క గట్టిదనం పెరగదు. చెదలు, బూజుల నుంచి రక్షణా రాదు. కరిగిన ఇనుము, ఆమ్లం కలిస్తే కాలక్రమంలో సెల్యులోజ్‌ను బలహీనపరుస్తాయి. పాత సిరా రాతల చోట కాగితం చిరిగిపోయేది ఇందువల్లే. కాబట్టి పలుచని పూతతో సరిపెట్టుకోవాలి.

రంగు మారుతుంది, వయసు మారదు

పాత కలపకు ఇవాళ గిరాకీ ఎక్కువ. దానికోసం పాత మండువా ఇళ్ల స్తంభాలు, ద్వారబంధాలు ఊడి మార్కెట్‌కు వస్తున్నాయి. కొత్త చెక్కకు ఆ రూపం ఇవ్వగలిగితే అలంకరణ కోసం పాత ఇంటిని కూల్చే అవసరం తగ్గుతుంది. కానీ అదే విద్యతో కొత్త విగ్రహాన్ని పురాతనమని అమ్మే వీలూ ఉంది. భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం కొయ్య శిల్పం లాంటి వస్తువు పురావస్తువు కావాలంటే కనీసం 100 ఏళ్లు నిండి ఉండాలి. బూడిద రంగును చూసి ఆ వందేళ్లు నిర్ధారించలేం.

శాస్త్రవేత్తలు రంగు కంటే లోతుకు వెళ్తారు. ఉష్ణమండలంలో ఏటా స్పష్టమైన వలయం వేసే కొద్ది చెట్లలో టేకు ఒకటి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ పరిశోధకులు టేకు వలయాల వెడల్పుల నుంచి గత శతాబ్దాల రుతుపవనాల తీరును అంచనా కట్టారు. అవే వలయాలు కలప ఏ కాలంలో పెరిగిందో కూడా చెప్పగలవు. మరో సాక్షి కార్బన్-14. 1950ల మధ్య నుంచి 1963 పాక్షిక నిషేధ ఒప్పందం దాకా వాతావరణంలో జరిపిన అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. ఆ తర్వాత పెరిగిన ప్రతి చెట్టు ఆ గుర్తును తన పీచులో మోస్తోంది. వెనిగర్, టీ, కరక్కాయ ఏవీ దాన్ని చెరపలేవు.

ఈ విద్యకు తగిన చోటు మరమ్మతు పని. పాత తలుపులో ఒక పలక పుచ్చిపోతే తలుపంతా తీసేయనక్కర్లేదు. అదే జాతి కలపతో కొత్త పలక వేసి, పక్క పలకల రంగుకు దగ్గరగా తేవచ్చు. 1964లో వెనిస్‌లో రూపొందిన కట్టడాల పరిరక్షణ నియమావళి చెప్పేదీ ఇదే: కొత్తగా చేర్చిన భాగం మొత్తంలో ఒదిగిపోవాలి, అయినా పాతదాని నుంచి వేరుగా గుర్తించగలిగేలా ఉండాలి. వడ్రంగి చేయాల్సింది చిన్న పనే. పలక వెనక వైపు, రంగు పూయని చోట, మార్చిన సంవత్సరాన్ని ఉలితో చెక్కితే చాలు. ముందు వైపు చూసేవారికి తలుపు పాతదిగానే కనిపిస్తుంది. వెనక్కి తిప్పి చూసినవారికి నిజం తెలుస్తుంది.